తీరని శోకం – తీర్చుకొనే మార్గం



2020వ సంవత్సరం మార్చి 25వ తేదీ శార్వరి నామ సంవత్సర ఉగాది. ఆనాడే దేశమంతటా లాక్‌డౌన్ ఆరంభమైంది. ఏటా ఉగాదినాడు ముస్లిం సోదరులు కూడా తరలివచ్చి దర్శించే దేవుని కడప వేంకటేశ్వరుని సన్నిధి సైతం ఆనాడు భక్తులకు అందలేదు. ఆలయ ద్వారాలు తిరిగి తెరుచుకొని సంవత్సరాలు గడిచాయి. కాని కొన్ని గృహాలలో ఆనాటి బరువు నేటికీ దిగలేదు. దానిని గూర్చి విచారించుదము.

కర్నూలు జిల్లా పడమటి మండలాల నుండి మిరప కోతలకై గుంటూరు సీమకు వెళ్లిన కూలీలు అక్కడే చిక్కుపడ్డారు. కడప జిల్లా నుండి కువైట్‌కు వెళ్లినవారు విమానాలు లేక రాలేకపోయారు. ఇంట ఉన్నవారిని భయమూ కలహమూ, దూరాన ఉన్నవారిని దిగులూ పీడించాయి. ఆ దినాలలో మరణం సంభవించిన ఇండ్ల సంగతి చెప్పనలవి కాదు. కన్నతండ్రి నోట తులసి తీర్థమైనా పోయలేకపోయిన కుమారులెందరో!

పెద్దలు ఏర్పరచిన అపరకర్మ మృతునికే గాక బ్రతికియున్నవారికీ ఉపకారకం. బంధువులు వచ్చి కూర్చుంటారు. పోయినవారి గుణాలు తలచుకుంటారు. దుఃఖం వెలికి వస్తుంది. మనస్సు క్రమంగా మరణాన్ని అంగీకరిస్తుంది. ఆ అవకాశం లేనప్పుడు శోకం లోపలే నిలిచి, ‘చేయవలసినది చేయలేదు’ అనే అపరాధ భావంగా మారుతుంది. నిద్ర పట్టకపోవడం, అకారణ కోపం, మౌనం దాని చిహ్నాలు కావచ్చు.

శ్రీమద్రామాయణాన్ని స్మరించండి. నలుగురు కుమారులున్న దశరథ మహారాజుకు అంత్యకాలంలో ఒక్కరూ చెంత లేరు. రామలక్ష్మణులు అరణ్యంలో, భరతశత్రుఘ్నులు కేకయంలో ఉన్నారు. భరతుడు వచ్చువరకు దేహాన్ని తైలద్రోణిలో ఉంచారు. దహన సంస్కారం ముగిసిన అనేక దినాల పిమ్మట చిత్రకూటంలో ఆ వార్త విని రామచంద్రుడు మూర్ఛిల్లాడు, విలపించాడు. అనంతరం మందాకినిలో జలతర్పణం విడిచి, అడవిలో లభించిన ఇంగుదీ పిండి, రేగుపండ్లతోనే పిండప్రదానం చేశాడు. ఒంటిమిట్టలో మనం కొలిచే కోదండరాముడు తండ్రి కడచూపునకు నోచుకోలేదు. అయినా ఆయన పితృభక్తికి లోపం కలుగలేదు. మరి మనకెందుకు కలుగుతుంది?

ఆపత్కాలంలో శక్తికొలది ఆచరించినదే ధర్మం. చేయలేకపోయినది పాపం కాదు. తిథినాడు ఆబ్దికం, భాద్రపద బహుళంలో మహాలయ తర్పణం శ్రద్ధతో ఆచరించండి. ఆనాడు ఇంటిల్లిపాదీ కూర్చుండి, పోయినవారిని గూర్చి నోరారా చెప్పుకొనండి. పిల్లలను కూడా చెప్పనీయండి. కన్నీరు వస్తే రానీయండి. అప్పటికీ మనోవేదన తగ్గకపోతే వైద్యుని ఆశ్రయించడం అవిశ్వాసం కాదు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చు.

శోకాన్ని దాచుకొన్నంత మాత్రాన ప్రేమ అధికం కాదు. దానిని తర్పణంగా విడిచినంత మాత్రాన ప్రేమ తరగదు.

శుభం భూయాత్.