టవర్ లేని చోట మాటే సిగ్నల్

మా నిజామాబాద్‌కి జక్రాన్‌పల్లి ఎయిర్‌పోర్ట్ ఇంకా రాలేదు గానీ, నేను లైవ్‌ఏటీసీ యాప్‌లో అమెరికా చిన్న ఎయిర్‌పోర్ట్‌లు వింటుంటా. చాలావాటికి కంట్రోల్ టవర్ ఉండదు. పైలట్లే ఊరి పేరు, తమ విమానం, ఎక్కడున్నదీ, ఏం చేయబోతున్నదీ చెప్పి, చివర్లో మళ్లీ ఊరి పేరు చెబుతారు. పక్క ఊళ్లోనూ అదే ఫ్రీక్వెన్సీ ఉండొచ్చు కదా!

1996 నవంబర్ 19న క్విన్సీలో దిగబోతున్న యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ విమానం, అడ్డ రన్‌వే మొదట్లో ఉన్న కింగ్ ఎయిర్‌ని ఆగుతారా అని అడిగింది. జవాబిచ్చింది దాని వెనకున్న చెరోకీ. అప్పుడే కాక్‌పిట్‌లో మోగిన అలర్ట్ ఆ మాటల్లో కొంత మింగేసింది. కింగ్ ఎయిరే ఆగుతోందనుకుని దిగారు. అదేమో టేకాఫ్ మొదలెట్టేసింది. 14 మంది చనిపోయారు.

రేడియో ఎంత మంచిదైనా, 'మాట్లాడింది ఎవరు?' అని ఇంకోసారి అడగాల్సింది మనిషే.