అడవిలో ఒక రాత్రి

సెలవులు రాగానే నగరమునకు పోవుటయే విహారమని మనము తలచుచున్నాము. తొర్రూరునకు ఈశాన్యముగా పాకాల, ఏటూరునాగారము అభయారణ్యములున్నవి. కుటుంబముతో గుడారములో బస చేసి, కాలినడకన అడవిని చూచుట పిల్లలకు ఏ పాఠమునకును తీసిపోదు. అయితే ఆ పాఠమునకు కొన్ని నియమములు గలవు.

2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం అడవిలో సుమారు 50 వేల చెట్లు నేలకూలినవి. వానకు నానిన నేలలో, లోతుకు దిగని వేళ్లు గాలి తాకిడికి నిలువలేవు. కనుక అటవీశాఖ అనుమతించిన చోటనే బస చేయవలెను. ఎండిన చెట్టు క్రింద గుడారము వేయరాదు. వాగు ఒడ్డున అసలే వద్దు; ఎగువన వాన కురిసినచో చూచుచుండగనే పొంగును.

మనవి ఆకురాల్చు అడవులు. వేసవినాటికి నేలంతయు ఎండుటాకులే. ఒక్క నిప్పురవ్వ చాలును. వంట ముగిసిన వెంటనే పొయ్యిలో నీరు పోసి, బూడిద చల్లారినదాక కదలరాదు. నడకకు ఉదయవేళ మేలు. పిల్లలను నడుమ నుంచుకొని, బాట విడువక సాగవలెను. తెచ్చిన ప్లాస్టిక్ సంచిని తిరిగి ఇంటికే కొనిపోవలెను.

గణపతిదేవుని కాలపు పాకాల, లక్నవరం చెరువులు నేటికిని నిండుటకు, ఎగువ అడవి మట్టిని పట్టియుంచుట ఒక కారణము. అడవి పోయినచో చెరువు పూడును. చెరువు పూడినచో పొలము ఎండును. దారిలోని ముల్లును తొలగించుటయు దానమేయని ఇస్లాము బోధించుచున్నది. ముల్లును వేయకుండుట అంతకన్న ముందటి ధర్మమని మేము భావించుచున్నాము.