పది తీగలు, మూడు పెడళ్లు, బోలెడు ఆశ్చర్యాలు!

మీకు తెలుసా? 1889లో ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. అదే 1889లో పసిఫిక్ సముద్రం నడుమ హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే బడి పిల్లాడు గిటార్ తీగల మీద ఇనుప ముక్కను జార్చి స్టీల్ గిటార్‌కు ప్రాణం పోశాడని చెబుతారు. అంటే మన బొగ్గు ఊరు రామకృష్ణాపూర్ గనులకు పెద్దమ్మ అయిన ఇల్లెందు బాయి, స్టీల్ గిటార్ ఒకే ఈడువి. ఎక్కడి హవాయి, ఎక్కడి ఇల్లెందు!

ఆ పిల్లాడికి ఆ ఆలోచన ఎక్కడ తట్టిందో మీకు తెలుసా? రైలు పట్టాల మీద! పట్టాల వెంట నడుస్తుంటే ఒక బోల్టు దొరికిందట, అది తీగకు తగిలి వింత నాదం పలికిందట. బొగ్గు బండ్లు పోయే పట్టాల పక్కన పెరిగిన మన పిల్లలు ఎన్ని బోల్టులు ఏరారో! ఒక్కరి చేతిలోనైనా అప్పుడు గిటార్ ఉంటే చరిత్రే మారేది.

ఇదే కథలో ఒక భారతీయుడు కూడా ఉన్నాడని మీకు తెలుసా? పేరు గాబ్రియెల్ డేవియన్. చిన్నప్పుడే ఓడ కెప్టెన్ ఎత్తుకుపోగా హొనొలూలు చేరాడని, 1880లలోనే తీగల మీద వస్తువును జార్చి వాయించేవాడని పాత కథనాలు చెబుతాయి. కెకుకు అభిమానులు ఒప్పుకోరు. మనం మాత్రం కాలరెగరేయొచ్చు!

అసలు మెట్లు లేకుండా జార్చి వాయించడం మనకేం కొత్త? గోటువాద్యం చూశారా? 21 తీగలు, ఒక్క మెట్టూ ఉండదు! ఎడమచేతిలో నున్నటి కడ్డీ, దాన్ని ఎక్కడ ఆపితే అక్కడ స్వరం. అల్లం దుర్గాప్రసాద్ వంటి తెలుగు విద్వాంసులు దానిమీద కచేరీలు చేశారు. పెడళ్లున్న స్టీల్ గిటార్‌ను, అంటే పెడల్ స్టీల్‌ను, విదేశీ వింతగా చూసేవాళ్లు ఒక్కసారి గోటువాద్యం వినండి, చుట్టరికం చెవికే తెలుస్తుంది.

1940లలో టావ్ మో అనే హవాయి కళాకారుడు కుటుంబంతో సహా ఎక్కడ కాపురం పెట్టాడో మీకు తెలుసా? కలకత్తాలో! హవాయి గిటార్ బెంగాలీ ఇళ్లలోకి అలా నడిచొచ్చింది. 1994లో విశ్వమోహన్ భట్ ఏకంగా గ్రామీ అవార్డు కొట్టేశారు, అదీ గిటార్‌కు వాటంతటవే మోగే తరఫ్ తీగలు కలిపి 20 తీగలతో చేసుకున్న మోహన వీణతో. ఆరు తీగలతోనే తంటాలు పడే మనకు దిమ్మ తిరగదూ!

ప్రపంచంలో జనం చేతికొచ్చిన మొట్టమొదటి ఎలక్ట్రిక్ గిటార్ నిలబడి వాయించేది కాదు, ఒళ్లో పడుకోబెట్టి వాయించే స్టీల్ గిటార్. మీకు తెలుసా ఈ సంగతి? 1930ల మొదట్లో రికెన్‌బాకర్ కంపెనీ అల్యూమినియంతో పోత పోసింది. గుండ్రటి ఒళ్లు, పొడుగాటి పిడి. జనం పెట్టిన ముద్దుపేరు పెనం! దానికి పేటెంట్ వచ్చేసరికి 1937 అయింది. ఎందుకంత ఆలస్యం? ఇది కరెంటు సామానా, సంగీత వాద్యమా అని పేటెంట్ ఆఫీసు తేల్చుకోలేకపోయింది!

కార్టూన్లు చూస్తూ పెరిగారా? లూనీ ట్యూన్స్ మొదలవగానే ‘బొయ్ఁయ్ఁయ్ఁ’ అని ఒక సాగుడు వినిపిస్తుంది కదా, అదీ స్టీల్ గిటారే! వాయించింది ఫ్రెడ్డీ టవారెస్ అనే హవాయి మనిషి. ఈయనే తర్వాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ రూపకల్పనలోనూ చెయ్యి వేశాడు. ఒక్క మనిషి, రెండు చరిత్రలు!

సరే, పెడళ్లు ఎందుకొచ్చాయో మీకు తెలుసా? చేతిలోని కడ్డీ తిన్ననిది. తీగలన్నిటినీ ఒకే గీత మీద నొక్కుతుంది. ఒక తీగ పైకి, ఒక తీగ కిందికి పోవాలంటే వేలు వంగుతుంది గానీ ఉక్కు వంగదు కదా! అందుకే కాళ్లకు పని చెప్పారు. పెడల్ తొక్కితే అడుగునున్న కడ్డీ లాగుతుంది, ఎంచుకున్న తీగ బిగుస్తుంది, స్వరం ఎక్కుతుంది. గిబ్సన్ కంపెనీ 1940 ప్రాంతంలోనే ఎలక్ట్రాహార్ప్ పేరుతో పెడళ్ల వాద్యం తెచ్చింది. కానీ స్వరం మోగుతుండగానే పెడల్ తొక్కి, తీగ కళ్లముందే జారుతున్నట్టు వినిపించింది బడ్ ఐజాక్స్ అనే వాద్యకారుడు. వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ అనే పాటలో. 1954లో ఆ పాట మార్కెట్లోకి వచ్చాక అమెరికాలోని స్టీల్ వాద్యకారులు తమ గిటార్లకు తొందర తొందరగా పెడళ్లు బిగించుకున్నారు. ఒక్క పాట, ఒక్క పాదం!

నైజీరియాలో పెడల్ స్టీల్ మోగుతుందని మీకు తెలుసా? కింగ్ సన్నీ అడే అనే గాయకుడు తన జూజూ సంగీత బృందంలో డోళ్ల నడుమ దాన్ని కూర్చోబెట్టాడు. నైజీరియాకు నప్పింది రామకృష్ణాపూర్‌కు నప్పదా?

‘టెర్మినేటర్’ సినిమా ప్రత్యేక ప్రభావాల్లో పనిచేసిన ఒకాయన పేరుమోసిన పెడల్ స్టీల్ వాద్యకారుడు! స్నీకీ పీట్ క్లైనో. పగలు బొమ్మలు కదిలించాడు, రాత్రి తీగలు కదిలించాడు. జీతం రెండు చోట్లా!

ఇక కొనాలనుకునేవాళ్లకు అసలు బరువైన విషయం. రెండు మెడల పెడల్ స్టీల్ పెట్టెతో కలిపి ఎంత తూగుతుందో మీకు తెలుసా? 30 కిలోలు దాటేవి ఉన్నాయి! 20 తీగలు, ఎనిమిది పెడళ్లు. కంపెనీ క్వార్టర్ రెండో అంతస్తుకు మోసుకెళ్లేసరికి పాట మీద మమకారం మెట్ల మీదే దిగిపోతుంది.

బరువు దాక్కునేది చెక్కలో అనుకుంటున్నారా? చాలామటుకు లోహంలో! రెండో మెడ, పెడళ్ల పట్టీ, నాలుగు కాళ్లు, రెండు చివర్ల లోహపు దిమ్మలు. అందుకే తేలిక వాద్యం కావాలంటే మొదటి సూత్రం ఒక్కటే: ఒకే మెడ, పది తీగలు. బిరడాల తల లేని కీలెస్ రకమైతే పొడుగూ తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. కార్బన్ ఫైబర్ ఒంటితో చేసినవీ ఉన్నాయి, విమానాలకు వాడే సరుకు! పెట్టె కాకుండా పది, పన్నెండు కిలోల దగ్గర ఆగేవి దొరుకుతాయి. మన దగ్గర దుకాణాల్లో ఈ వాద్యం అరుదు, బయటి దేశం నుంచి తెప్పించుకోవాల్సిందే. విమాన రవాణా లెక్క కిలోల్లో ఉంటుంది కాబట్టి తేలిక వాద్యం నడుముకే కాదు, జేబుకూ హాయి!

మూడు పెడళ్లు, మోకాలితో నెట్టి స్వరం మార్చే మీట ఒకే ఒక్కటి ఉన్న విద్యార్థి రకం చవగ్గా కనిపిస్తుంది. కొనకండి! నా తీర్పు ఇది: మూడు పెడళ్లు, నాలుగు మీటలు. అంతకు తక్కువైతే నేర్చుకున్న కొద్దీ కావలసిన స్వరం కాళ్లకింద లేదని తెలుస్తుంది.

మీకు తెలుసా, పెడళ్ల వరసలోనే రెండు పంథాలున్నాయి! బడ్డీ ఎమన్స్ అనే వాద్యకారుడి పద్ధతిలో ఎడమ నుంచి ఏ, బీ, సీ పెడళ్లు. జిమ్మీ డే అనే మరొకాయన పద్ధతిలో సీ, బీ, ఏ. ఒకటి అలవాటైన పాదానికి రెండోది అద్దంలో చూసి రాసినట్టే. డబ్బులిచ్చే ముందు ఏ సెటప్పో అడగండి, లేదంటే పాదాలు పోట్లాడుకుంటాయి!

తేలిక ఒళ్లు మోసం చేస్తుందా అని అనుమానమా? ఒక్క నిమిషం పరీక్ష ఉంది. నాలుగో తీగ మీటి, ట్యూనర్ ముల్లు చూస్తూ ఏ, బీ పెడళ్లు కలిపి తొక్కండి. ఆ పెడళ్లకు నాలుగో తీగతో సంబంధమే లేదు, అయినా స్వరం రవ్వంత దిగుతుంది! తీగల లాగుడుకు వాద్యం ఒళ్లే వంగుతుంది మరి. పక్కపక్క స్వరాల మధ్య దూరం 100 సెంట్లు. దిగుడు మూడు, నాలుగు సెంట్లయితే నిశ్చింతగా కొనండి. పదో, పన్నెండో అయితే నమస్కారం పెట్టి లేచి రండి. బరువైనవన్నీ గట్టివీ కావు, తేలికైనవన్నీ బలహీనమూ కావు. ముల్లు చెప్పిందే నిజం!

అన్నిటికన్నా సన్నని తీగ ఏది? మొదటిది అన్నారా? తప్పు! మూడోది! ఈ పది తీగలకు మామూలుగా పెట్టే ఈ9 అనే శ్రుతిలో మొదటి రెండు తీగలు మూడోదాని కన్నా కింది స్వరాలు. 1960ల మొదట్లో బడ్డీ ఎమన్స్ వాటిని కొత్తగా చేర్చి పైన కూర్చోబెట్టాడు. ఆ మూడో తీగ మందం అంగుళంలో వెయ్యింట పదకొండు వంతులు. అన్నిటికన్నా ముందు తెగేదీ అదే. కాబట్టి మూడో నంబర్ తీగలు విడిగా అరడజను తెప్పించి పెట్టుకోండి. పాట మధ్యలో ‘టప్’ మంటే అప్పుడు నన్ను తలుచుకుంటారు!

వాద్యం బిగించడం ఎలాగో మీకు తెలుసా? తలకిందులుగా! పెట్టె తెరిచి, వాద్యాన్ని అందులోనే బోర్లా ఉంచి, నాలుగు కాళ్లు మరతిప్పి, ముందు కాళ్లకు పెడళ్ల పట్టీ తగిలించి, సన్న కడ్డీలను కొక్కేలకు వేసి, ఆ తర్వాత నిలబెట్టాలి. ముందే నిలబెట్టినవాళ్లు మంచం కింద దూరినట్టు దూరాలి!

ఇప్పుడు కూర్చోండి. తొడలు వాద్యం అడుగుకు తగలకూడదు, మోకాలు అర అంగుళం కదిపితే మీట అందాలి. అందకపోతే కుర్చీ మార్చకండి, వాద్యం కాళ్ల ఎత్తు మార్చండి, పెడళ్ల కడ్డీల పొడుగూ దానికి తగ్గట్టు సరిచేయండి. ఎడమ పాదం పెడళ్ల మీద, కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద, రెండు మోకాళ్లు మీటల దగ్గర, ఎడమచేతిలో పావుకిలోకు కాస్త తక్కువ తూగే ఉక్కు కడ్డీ, కుడిచేతి వేళ్లకు మూడు మీటుగోళ్లు. కుట్టుమిషన్ తొక్కిన చేతులూ కాళ్లూ అయితే సగం పని వచ్చేసినట్టే!

శ్రుతి చేయడంలో వరస తప్పితే ఏమవుతుందో మీకు తెలుసా? రోజంతా చేస్తూనే ఉంటారు! ముందు పెడళ్లు వదిలేసి పది తీగలు బిరడాల దగ్గర సరిచేయాలి. ఆ తర్వాతే ఒక్కో పెడల్ తొక్కి పట్టి, కుడి చివర దిమ్మలో ఉండే నైలాన్ నట్లు తిప్పాలి. కడ్డీలు నెట్టకుండా ఎప్పుడూ లాగడమే చేసే ఆల్‌పుల్ రకానికి ఇదే పద్ధతి.

మే నెల మన ఎండకు ఉక్కు తీగ సాగుతుంది, శ్రుతి దిగుతుంది. ఇది మన ఒక్కరి బాధే కాదు. తొలినాటి ఆ అల్యూమినియం పెనం గిటార్ కూడా వేదిక దీపాల వేడికి శ్రుతి తప్పేది! కాసేపు గది వేడికి అలవాటు పడనిచ్చి, అప్పుడు శ్రుతి చేయండి. ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము సంగతి వేరే చెప్పాలా? వాయించగానే తీగలు పొడిగుడ్డతో తుడిచి దుప్పటి కప్పండి. నూనె మాత్రం కీళ్ల దగ్గర ఒక్క చుక్క, అంతే. ఎక్కువ పోస్తే దుమ్ము, నూనె కలిసి లోపల కొత్త బొగ్గు పొర తయారవుతుంది!

ఇంత ఖర్చు ముందే పెట్టలేరా? మీకు తెలుసా, ఇంట్లో మూలనున్న మామూలు గిటారే హవాయి గిటార్ అవుతుంది! మెడ చివర నట్ మీద తొడిగే చిన్న లోహపు ముక్క ఒకటి దొరుకుతుంది. తీగలు పైకి లేస్తాయి, ఒళ్లో పడుకోబెట్టి కడ్డీ జార్చడమే. పెడళ్లు లేవు, బరువూ లేదు. మూడు నెలలు అలా వాయించి మనసు నిలిస్తే అప్పుడు పెడల్ స్టీల్‌కు డబ్బు కూడబెట్టండి.

చివరిగా ఒక్క మాట. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది, ఏటా ఆ రోజున బొగ్గు ఊళ్లన్నిటా ఆవిర్భావ వేడుకలు జరుగుతాయి. రామకృష్ణాపూర్‌లో ఎవరింట్లోనైనా పాత హవాయి గిటార్ అటక మీద ఉంటే ఇవాళే దింపండి, తీగలు మార్చండి, వచ్చే డిసెంబరు 23కు పేరిచ్చి వేదిక ఎక్కండి!