ఇడ్లీ సరే, సాంబారు సంగతేంటి?

గోదావరి జిల్లాల్లో హోటలుకెళ్లి గోధుమ తగలకుండా తినొచ్చుననే అనిపిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరిచేలే. ఇడ్లీ, పులిహోర, పరమాన్నం, అరిసె... దేనికీ గోధుమతో పనిలేదు. సీలియాక్ జబ్బున్న మనిషికి ఇంతకన్నా అనువైన ఊళ్లు ఎక్కడ దొరుకుతాయి? ఇది సగం నిజం. మిగతా సగం తెలియాలంటే హోటలు వంటగదిలోకి తొంగిచూడాలి. పెనం, నూనె మూకుడు, ఇంగువ డబ్బా చూడాలి.

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లుటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. సీలియాక్ ఉన్నవారు అది తింటే, వాళ్ల రోగనిరోధక వ్యవస్థ వాళ్ల చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. తిండిలోని సారాన్ని పీల్చుకునే ఆంత్రచూషకాలు అరిగి చదునైపోతాయి. దీనికి మందు లేదు. జీవితాంతం గ్లుటెన్ మానేయడమే వైద్యం.

అపోహ: అది ఉత్తరాది వాళ్ల జబ్బు, అన్నం తినేవాళ్లకి రాదు

అక్కడ ఎక్కువన్న మాట నిజమే. 2016లో అమెరికన్ జర్నల్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో వచ్చిన భారతీయ అధ్యయనం ప్రకారం ఉత్తరాది పెద్దల్లో 1.23 శాతం మంది రక్తంలో సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు కనిపిస్తే, దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే కనిపించాయి. దక్షిణాది లెక్క వేలూరు ప్రాంతంలో తీసింది. అయితే అదే అధ్యయనం ఇంకో సంగతీ చెప్పింది. ఈ జబ్బుకు చోటిచ్చే జన్యువులు ఇక్కడా అక్కడా దాదాపు సమానంగా, మూడోవంతు మందికి పైగా ఉన్నాయి. పెద్ద తేడా తిండిలోనే. అక్కడ రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే ఇక్కడ 25 గ్రాములు.

ఆ 25 గ్రాములు ఎన్నాళ్లు ఆగుతాయన్నది నా అనుమానం. ఇంట్లో ఒకరికి షుగరొస్తే చాలు, రాత్రిపూట అందరికీ చపాతీలే. పొద్దున ఉప్మా, సాయంత్రం బండి మీద నూడుల్స్. ఇక్కడ జబ్బు అరుదు కాబట్టి ఎవరికీ అనుమానమూ రాదు. ఈ జబ్బువల్ల వచ్చిన, ఎంతకీ తగ్గని రక్తహీనతకు ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగుతూ ఉంటారు.

అపోహ: ఇదంతా ఈమధ్య వచ్చిన డైట్ల పిచ్చి

డచ్చి పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె 1950లోనే గోధుమ ఈ జబ్బుకు చేటని తన పరిశోధన గ్రంథంలో రుజువు చేశాడు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టెకు కరువొచ్చింది. ఆ కరువులో అందరూ చిక్కిపోతుంటే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. బరువు తగ్గడానికి గోధుమ మానేసేవాళ్ల గొడవ వేరు, వీళ్ల అవసరం వేరు.

అపోహ: కొంచెం తగిలితే ఏమవుతుంది? కడుపునొప్పి కూడా రాలేదు కదా

చాలామందికి రోజుకు 10 మిల్లీగ్రాముల గ్లుటెన్ దాకా ఫరవాలేదు, 50 మిల్లీగ్రాములైతే పేగు దెబ్బతింటుందని పరిశోధనలు తేల్చాయి. ఒక్క బ్రెడ్డు ముక్కలోనే రెండు గ్రాముల పైచిలుకు ఉంటుంది. అందులో రెండువందలో వంతు అంటే కంటికి ఆనని పొడి! నొప్పి కొందరికి వెంటనే వస్తుంది, కొందరికి అసలు రాదు. లోపల గాయం మాత్రం అవుతూనే ఉంటుంది. ఎముకలు గుల్లబారడం, పిల్లలు ఎదగకపోవడం తర్వాతెప్పుడో బయటపడతాయి.

అపోహ: బియ్యం, పప్పుతో చేసిన టిఫిన్లన్నీ తినొచ్చు

అసలు చిక్కంతా ఇక్కడే. రవ్వ అనగానే భయపడనక్కర్లేదు. మన ఇడ్లీ రవ్వ బియ్యానిది. బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమ్యా మానాలి. పెసరట్టులో గ్లుటెన్ లేదు, దాని పొట్టలో పెట్టే ఉప్మాలో ఉంది. "ఉప్మా లేకుండా వెయ్యండి" అంటే సరిపోతుందనుకుంటాం. కానీ అదే పెనం మీద అంతకుముందే రవ్వదోసె వేసుంటారు, చపాతీ కాల్చుంటారు, అట్లకాడ కూడా అదే. దోసె కరకరలాడాలని పిండిలో గుప్పెడు బొంబాయి రవ్వో మైదానో కలిపే హోటళ్లూ ఉన్నాయి.

ఇడ్లీకి ఈ బాధ చాలావరకు లేదు, ఆవిరి మీద ఉడుకుతుంది కాబట్టి. దాని పక్కన వచ్చే సాంబారుతోనే పేచీ. బజారులో దొరికే ఇంగువ అచ్చమైన ఇంగువ కాదు. ఇంగువ బంకలో తుమ్మజిగురు, పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా కంపెనీలవాటిలో మైదా లేక గోధుమపిండి, కొన్నింట్లో బియ్యప్పిండి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, హోటల్లో ఆ డబ్బా మన కంటపడదు. సాంబారు, చారు, పులిహోర పోపు, మజ్జిగపులుసు, కొన్ని పచ్చళ్లు... ఇంగువ పడనిదేది? నన్నడిగితే గోదావరి హోటళ్లలో ఉప్మా కన్నా ఇంగువే పెద్ద ప్రమాదం. ఉప్మా కళ్లకి కనిపిస్తుంది.

ఇక్కడి పాతకాలపు టిఫిన్లే ఈ విషయంలో మేలు. దిబ్బరొట్టెకు మినప్పప్పు, బియ్యపు రవ్వ చాలు. దాన్ని కాల్చే మూకుడు కూడా సాధారణంగా వేరే ఉంటుంది. కోనసీమలో పనసాకుల బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలకైతే పక్క వంట తగిలే వీలే తక్కువ. కొబ్బరిచట్నీ పోపులో ఇంగువ వేశారేమో కనుక్కుని కడుపునిండా తినొచ్చు.

అపోహ: మరిగే నూనెలో అంతా మాడిపోతుంది

గ్లుటెన్ క్రిమి కాదు, చావడానికి. వేయించినా ఉడికించినా గ్లుటెన్ గ్లుటెనే. మిరపకాయ బజ్జీకి వాడేది శనగపిండే అయినా, మైదాతో చేసిన మైసూరు బజ్జీ వేగిన మూకుడులోనే అదీ వేగుతుంది. గారెలకూ ఇదే చిక్కు.

అపోహ: శాకాహారమైతే నిశ్చింత

ఇందులో నాకు నవ్వొచ్చేదేమిటంటే, చాలాసార్లు నిజం దీనికి తలకిందులుగా ఉంటుంది. చింతపండు, ఉల్లిపాయ, కారంతో పెట్టిన చేపల పులుసులో పిండి ఊసే ఉండదు. గోబీ మంచూరియాలో మైదా ఉంటుంది. దానిలో పోసే సోయా సాసుల్లోనూ చాలావాటిలో గోధుమ ఉంటుంది. చికెన్ 65, అపోలో ఫిష్‌లకి కూడా పైన పిండిపూత తప్పదు. కూర గ్రేవీ చిక్కబడటానికి మైదా కలిపే చోట్లున్నాయి. దమ్ బిర్యానీ అంతా బియ్యం, మాంసమే, నిజమే. కానీ మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అద్ది ఆవిరి బిగిస్తే, మూత తీసినప్పుడు ఆ ఎండిన పెచ్చులు అన్నంలో రాలతాయి. గిన్నె మధ్యలోంచి వడ్డించమనడం కన్నా, మూత దేనితో బిగించారో ముందే అడగడం నయం.

అపోహ: స్వీట్లలో పంచదార, నెయ్యే కదా

తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా రెండూ మైదావే. ఆత్రేయపురం పూతరేకు బియ్యప్పిండి జావతో తీసిన రేకు, మామూలుగా నిక్షేపంలా తినొచ్చు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మధ్యలో మాల్టు పొడి చల్లిన కొత్త రకమైతే మాత్రం వద్దు. మాల్టంటే ఎక్కువగా బార్లీదే. జ్వరమొచ్చినా, మూత్రం మండినా ఇంట్లో ఇచ్చే బార్లీ నీళ్లూ, రాత్రి కలిపిచ్చే హార్లిక్సూ కూడా వీళ్లకి పనికిరావు. కొర్రలు, రాగులు, జొన్నలు, సగ్గుబియ్యం మంచివే. మల్టీగ్రెయిన్ ఆటాలో మాత్రం సాధారణంగా సగానికి పైగా గోధుమే.

అపోహ: ప్రసాదం ఏమీ చెయ్యదు

అన్నవరం సత్యదేవుడి ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు. విస్తరాకు పొట్లం కళ్లకద్దుకుని ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టొచ్చు, భక్తికేమీ లోటు రాదు.

అపోహ: అనుమానముంటే ముందు గోధుమ మానేసి చూద్దాం

ఇది బాగా నష్టం చేసే సలహా. రక్తంలో టీటీజీ యాంటీబాడీలు చూసే పరీక్షకైనా, చిన్నపేగు ముక్క తీసి చూసే బయాప్సీకైనా మనిషి అప్పటికి గోధుమ తింటూ ఉండాలి. మానేశాక చేయిస్తే జబ్బున్నా లేదని రావచ్చు. ఒకరికి తేలితే తోబుట్టువులకీ, తల్లిదండ్రులకీ, పిల్లలకీ కూడా చేయించాలి.

అపోహ: హోటల్లో చెబితే నవ్వుతారు, ఇంటిపట్టున ఉండటమే మేలు

గ్లుటెన్ అంటే తెల్లమొహం వేస్తారు. "ఇందులో గోధుమ ఉందా?" అంటే "అబ్బే, లేదండి, అంతా బియ్యమేనండి" అంటారు. అబద్ధమేమీ కాదది, ఇంగువలో గోధుమ ఉంటుందని ఆ కుర్రాడికి తెలియదంతే. పది లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్న పెద్ద హోటళ్లు పడని పదార్థాల వివరం ఇవ్వాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది గానీ, సందు చివరి టిఫిన్ హోటలుకి అది వర్తించదు. అందుకని వడ్డించేవాణ్ని కాకుండా వంట మాస్టారినే అడగాలి, అదీ రద్దీ లేనప్పుడు. "డాక్టరుగారు గోధుమ పూర్తిగా మానెయ్యమన్నారండి. మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, ఇంగువ ఏవీ తగలకూడదు. వేరే పెనం మీద వేయగలరా?" అంటే గోదావరి వంటవాళ్లు కాదనడం అరుదు. "ఆయ్, దానికేముందండి" అని పెనం కడిగిస్తారు. కుదరదంటే మొహమాటపడకుండా లేచి రావాలి. తెల్లారగట్ల మొదటి వాయి ఇడ్లీ దిగే వేళకి వెళితే ఇంకా నయం. నెయ్యి, కారప్పొడి ఇంటినుంచే పట్టుకెళ్లండి, ఆ పొడిలోకి మాత్రం ఇంగువ బియ్యప్పిండిదే కొనండి.