చక్రాలు నేలను తాకినా ప్రయాణం ముగిసినట్లు కాదు

రావికమతం: విమానం రన్‌వేపై దిగి వేగం తగ్గిందో లేదో, లోపల సీటు బెల్టులు ఒక్కొక్కటిగా ఊడుతుంటాయి. సగం మంది అప్పటికే లేచి పై అరల్లోని సంచులు దించుకుంటుంటారు. కూర్చోవాలని సిబ్బంది మైకులో ఎంత చెప్పినా వినేవారు తక్కువే. రావికమతం, కొత్తకోట ప్రాంతాల నుంచి విశాఖ వెళ్లి విమానమెక్కిన వారందరికీ ఈ దృశ్యం పరిచయమే. అయితే రన్‌వే వదిలిన తరువాత విమానం తన స్థలానికి చేరేవరకు సాగే నడక పైకి కనిపించేంత తేలికైనది కాదు. దీనినే ట్యాక్సీయింగ్ అంటారు.

మన రాష్ట్రంలోనే ఇందుకు ఉదాహరణ ఉంది. 2021 ఫిబ్రవరి 20న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ విమానం దోహా నుంచి విజయవాడ మీదుగా తిరుచిరాపల్లి వెళ్లవలసి ఉంది. గన్నవరం విమానాశ్రయంలో క్షేమంగా దిగింది. నిలిపే చోటుకు వెళుతుండగా దాని రెక్క విద్యుద్దీప స్తంభానికి తగిలింది. అందులో ఉన్న 64 మంది ప్రయాణికులకు, సిబ్బందికి ఏమీ కాలేదు. వేల కిలోమీటర్లు సముద్రాలు దాటి వచ్చిన విమానం చివరి కొద్ది మీటర్లలో దెబ్బతింది.

స్తంభం కనబడదా అని ఎవరికైనా సందేహం కలుగుతుంది. గోవాడ చక్కెర కర్మాగారానికి చెరకు తోలిన రైతులకు దీని జవాబు తెలిసే ఉంటుంది. నిండుగా చెరకు కట్టిన ట్రాక్టర్ సందు మలుపు తిరిగేటప్పుడు డ్రైవరు చూపు ముందు చక్రం మీద ఉంటుంది. వెనుక పొడుచుకువచ్చిన గడలు మాత్రం అవతలి వైపు గోడను గీసుకుంటూ పోతాయి. విమానానిదీ అదే తంతు. బోయింగ్ 737-800 రెక్కల కొన నుంచి కొనకు దాదాపు 36 మీటర్లు. రెక్కలు వెనక్కు వాలి ఉండటం వల్ల మలుపులో బయటివైపు కొన, పైలట్ ఊహించిన దానికంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. ముక్కు భాగాన కూర్చున్న పైలట్‌కు ఆ కొన సరిగా కనిపించదు. పెద్ద విమానాల్లో అసలు కనిపించదు. ఈ కారణంగానే రెక్కల కొనలు చూపే కెమెరాలు అమర్చాలని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో సిఫార్సు చేసింది.

కనుక పైలట్ కంటిచూపును కాక, నేలపై గీసిన పసుపు గీతను నమ్ముకుంటాడు. ముందు చక్రం ఆ గీతపై ఉన్నంతవరకు రెక్కలకు తగిన ఎడం ఉండేలా విమానాశ్రయాన్ని రూపొందిస్తారు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఈ తరగతి విమానాలకు నిలుపు స్థలం వద్ద కనీసం 4.5 మీటర్ల ఎడం ఉండాలి. గీత తప్పినా, ఒక గీత బదులు మరో గీత పట్టినా ఆ లెక్క చెల్లదు. మలుపుల్లో వేగాన్ని సుమారు 10 నాట్లకు, అంటే గంటకు 18 కిలోమీటర్లకు తగ్గిస్తారు. మన ఊరి రోడ్డుపై సైకిల్ వేగమది. చివరలో మార్షలర్ చేతి పలకలతో దారి చూపుతాడు. అతడు కనిపించకపోయినా, సైగ అర్థం కాకపోయినా పైలట్ ఆగిపోవాలి తప్ప ఊహించి ముందుకు కదలరాదు.

స్తంభం కదలదు. ఎదురుగా మరో విమానం ఉన్నప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. 2024 మార్చి 27న కోల్‌కతాలో రన్‌వే ఎక్కేందుకు వేచి ఉన్న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానానికి ట్యాక్సీయింగ్ చేస్తున్న ఇండిగో విమానం రెక్క రాసుకుంది. ఎవరూ గాయపడలేదు. ఇండిగో పైలట్లను డీజీసీఏ విధుల నుంచి తప్పించింది. యాదృచ్ఛికమే కావచ్చు గాని, 1977లో అదే మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ ద్వీపంలో చరిత్రలోకెల్లా ఘోరమైన విమాన ప్రమాదం జరిగింది. దట్టమైన పొగమంచులో పాన్ అమెరికన్ విమానం రన్‌వే మీదుగానే ట్యాక్సీయింగ్ చేస్తూ, మళ్లవలసిన దారి దాటి ముందుకు వెళ్లింది. అదే సమయంలో కేఎల్ఎం విమానం అనుమతి లేకుండానే పరుగు ప్రారంభించింది. 583 మంది మరణించారు. ఇది రన్‌వే మీదే జరిగిన ప్రమాదమన్నది గమనించవలసిన సంగతి.

నియంత్రణ కేంద్రం ఇచ్చిన ఆదేశాన్ని పైలట్ తిరిగి అప్పజెప్పే పద్ధతిని అప్పటి నుంచి మరింత కట్టుదిట్టం చేశారు. రన్‌వే అంచున గీత వద్ద ఆగడానికి, దానిని దాటడానికి, టేకాఫ్‌కు వేర్వేరు అనుమతులు ఉంటాయి. ఇంత జాగ్రత్త ఉన్నా 2024 జనవరి 2న టోక్యోలోని హనెడాలో తీరరక్షక దళ విమానం పొరపాటున రన్‌వే పైకి వచ్చి ఆగింది. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దానిని ఢీకొంది. తీరరక్షక విమానంలో ఐదుగురు చనిపోయారు. మంటలంటుకున్న పెద్ద విమానంలోని 379 మంది సామాన్లు వదిలేసి, సిబ్బంది చెప్పినట్లు నడుచుకుని ప్రాణాలతో బయటపడ్డారు. విశాఖలోనూ నౌకాదళ స్థావరమైన ఐఎన్‌ఎస్ డేగ రన్‌వేనే పౌర విమానాలు దశాబ్దాల పాటు పంచుకున్నాయి. ప్రయాణికులను కొన్ని నిమిషాలు ఆపి ఉంచడం వెనుక చాలాసార్లు ఇటువంటి కారణమే ఉంటుంది.

ప్రయాణికుల వంతు చిన్నదే. విమానం కదులుతున్నంతసేపు ఏ క్షణంలోనైనా బ్రేకు పడవచ్చు. అప్పుడు నిలబడి ఉన్నవారు సీట్లపై పడతారు, తెరిచిన అరలోని పెట్టె ఎవరి నెత్తిమీదనో పడుతుంది. విమానం ఆగకముందే లేచేవారికి టర్కీ 2025లో జరిమానా కూడా విధించింది. బెల్టు గుర్తు ఆరేవరకు కూర్చుంటే పోయేది రెండు మూడు నిమిషాలు. ఎలాగూ తలుపు తెరవనిదే ఎవరూ దిగలేరు.

మెట్ల మీదుగా దిగి నడిచే చోట మరొక జాగ్రత్త అవసరం. రెక్క కింద నుంచి అడ్డదారి పట్టరాదు, ఇంజిన్ ముందుకు వెళ్లరాదు. 2015 డిసెంబరు 16న ముంబయిలో హైదరాబాద్‌కు బయలుదేరుతున్న ఎయిరిండియా విమానం పుష్‌బ్యాక్ సమయంలో, అనుభవమున్న సాంకేతిక నిపుణుడే ఇంజిన్‌లోకి లాగబడి మరణించాడు. విమానం పొట్ట కింద, వీపు మీద మెరిసే ఎర్ర దీపాలు ఉంటాయి. అవి వెలుగుతున్నాయంటే ఇంజిన్లు తిరుగుతున్నాయనో, తిరగబోతున్నాయనో అర్థం. ఆ దీపం ఆరిన తరువాతనే మెట్ల బండి, సామాను ట్రాలీలు విమానం దరికి వస్తాయి.