ఏం కట్టినా వంకే

మాంచెస్టర్ నడిబొడ్డున, ట్రాములు ఆగే సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో ఒక కంచు స్త్రీ కుర్చీ ఎక్కి ఉపన్యసిస్తూ కనిపిస్తుంది. తలపై టోపీ, ఒంటిపై పొడుగాటి కోటు, ముందుకు చాచిన చెయ్యి. బ్రిటన్ మహిళల ఓటు హక్కు కోసం పోరాడిన ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ విగ్రహమది. శిల్పి హేజల్ రీవ్స్. ఆ దేశపు ఆడవాళ్లు సార్వత్రిక ఎన్నికల్లో తొలిసారి ఓటేసి సరిగ్గా వందేళ్లు నిండిన రోజున, 2018 డిసెంబరు 14న ఆవిష్కరించారు. విక్టోరియా రాణి తర్వాత మరో స్త్రీకి విగ్రహం పెట్టడానికి ఈ నగరానికి వందేళ్లకు పైనే పట్టింది.

అక్కణ్నుంచి పీటర్ స్ట్రీట్ వెంట కాస్త నడిస్తే పాత ఫ్రీ ట్రేడ్ హాల్ వస్తుంది. ఇప్పుడది హోటల్. దాని వెనక మాంచెస్టర్ సెంట్రల్, ఒకప్పటి రైల్వే స్టేషను, నేడు పార్టీల మహాసభలు జరిగే ప్రాంగణం. దాని ముందర గుండ్రటి మెట్లుగా కట్టిన పీటర్లూ స్మారకం. ఇవన్నీ ఒకనాటి సెయింట్ పీటర్స్ మైదానంలోనో, దాని అంచుల్లోనో ఉన్నవే. రాజకీయాల్లోకి వచ్చిన స్త్రీ ఏం చెబుతోందో వినకముందే ఆమె బట్టల మీద తీర్పు చెప్పే అలవాటు ఎంత పాతదో తెలుసుకోవాలంటే ఈ ఒక్క కూడలి చుట్టూ తిరిగితే చాలు.

అలవాటు పాతదే కానీ పోయింది లేదు. గ్రేటర్ మాంచెస్టర్‌లోని ఆష్టన్-అండర్-లైన్ నియోజకవర్గానికి ఏంజెలా రేనర్ 2015 నుంచి ఎంపీ. స్టాక్‌పోర్ట్‌లో పేదింట పుట్టి, పదహారేళ్లకే గర్భవతై చదువు ఆపేసి, వృద్ధుల ఇళ్లకు వెళ్లి సేవలు చేసే ఉద్యోగంలో చేరారు. యూనియన్ ప్రతినిధిగా ఎదిగి లేబర్ పార్టీ ఉపనాయకురాలయ్యారు. 2022 ఏప్రిల్ 24న ‘మెయిల్ ఆన్ సండే’ పత్రిక ఆమె గురించి ఒక కథనం వేసింది. సభలో ఎదుటి బెంచీలో కూర్చుని, కాలు మీద కాలు వేసి తీస్తూ ప్రధాని బోరిస్ జాన్సన్ దృష్టి మళ్లిస్తున్నారన్నది దాని సారాంశం. ఆ మాటన్న అధికారపక్ష సభ్యుల పేర్లు మాత్రం లేవు. పత్రికా ప్రమాణాల సంస్థ ఇప్సోకు ఐదున్నర వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. జాన్సనే ఆ రాతలను ఖండించారు.

రెండు రోజులకు రేనర్ ఒక టీవీ కార్యక్రమంలో కూర్చున్నారు. ఆ కథనం వెయ్యవద్దని ముందే బతిమాలుకున్నానని, టీనేజీ కొడుకులకు ఏమని చెప్పాలో తోచలేదని అన్నారు. ఆ రోజు ప్యాంటు వేసుకొచ్చారు. ఇళ్లలో టీవీ చూస్తున్నవాళ్ల కళ్లు తన కాళ్ల మీదికి పోకూడదనే అలా వచ్చానని చెప్పుకోవాల్సి వచ్చింది. దేశ ప్రతిపక్షంలో రెండో స్థానంలో ఉన్న మనిషి పొద్దున లేచి బీరువా ముందు ఈ లెక్క వేసుకోవాలి! ఆ వారం ఆమె సభలో లేవనెత్తాలనుకున్న విషయాలు ఎవరికి గుర్తున్నాయి?

తెల్ల గౌన్ల సోమవారం

1819 ఆగస్టు 16, సోమవారం. పార్లమెంటులో తమకూ ప్రాతినిధ్యం కావాలని అడగడానికి దాదాపు అరవై వేల మంది ఈ మైదానానికి వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల నేతగాళ్లు, నూలు వడికేవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు. అంతకుముందు జరిగిన సభలకు వచ్చిన జనాన్ని మాసిన గుడ్డల మూకగా పత్రికలు ఎగతాళి చేశాయి. అందుకే ఈసారి శుభ్రంగా రావాలని పట్టుబట్టామని మిడిల్టన్ నేతగాడు శామ్యూల్ బామ్‌ఫోర్డ్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అందరూ ఆదివారం చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకున్నారు. మహిళా సంస్కరణ సంఘాల వాళ్లు తెల్లటి గౌన్లు వేసుకున్నారు. మాంచెస్టర్ సంఘం అధ్యక్షురాలు మేరీ ఫిల్డ్స్, వక్త హెన్రీ హంట్ ఎక్కిన బండి ముందు భాగంలో జెండా పట్టుకుని కూర్చుంది.

గుర్రపు దళం కత్తులు దూసి జనం మీద పడింది. పద్దెనిమిది మంది వరకూ చనిపోయారు, ఏడు వందల మంది దాకా గాయపడ్డారు. గుంపులో ఆడవాళ్ల వంతు తక్కువే, గాయపడినవారిలో మాత్రం ఎక్కువ. మేరీ ఫిల్డ్స్ వేదిక మీంచి తప్పించుకోబోతుంటే ఆమె తెల్ల గౌను ఒక మేకుకు చిక్కుకుని అలాగే వేలాడిపోయిందని, ఆ స్థితిలోనే ఒక సైనికుడు ఆమె మీద కత్తి వేటు వేశాడని చరిత్రకారులు రాశారు. ఆమె బతికి బయటపడింది.

ఈ కథలో నన్ను ఎక్కువ కలచివేసేది కత్తి ఒక్కటే కాదు. ఆ వేసవిలోనే, జులైలో, పక్కనున్న బ్లాక్‌బర్న్ స్త్రీలు ఒక సభ వేదికెక్కి సంస్కరణ కోరుతూ విన్నపం అందించారు. లండన్ కార్టూనిస్టు జార్జ్ క్రుక్‌షాంక్ వాళ్లను మోటు మనుషులుగా, సిగ్గులేనివాళ్లుగా, ద్వంద్వార్థాలతో బొమ్మ గీసి అమ్ముకున్నాడు. పీటర్లూగా పేరుపడిన ఆ మారణకాండ తర్వాత అదే క్రుక్‌షాంక్, గుర్రాల కింద నలుగుతున్న ఆడవాళ్లను చూపిస్తూ ప్రభుత్వాన్ని నిలదీసే బొమ్మ కూడా గీశాడు. నోరు విప్పిన స్త్రీని వెక్కిరించిన చెయ్యే, దెబ్బ తిన్న స్త్రీ మీద జాలి పడింది. జాలి దొరకాలంటే ఆమె నేల మీద పడి ఉండాలి. వేదిక మీద ఉన్నంతసేపూ ఎగతాళే.

టోపీలూ చెక్క చెప్పులూ

1867లో మాంచెస్టర్‌లో మహిళా ఓటు సంఘం మొదలుపెట్టిన లిడియా బెకర్ ముఖానికి కళ్లద్దాలు పెట్టుకునేది, జడను తలచుట్టూ చుట్టుకునేది. హాస్య పత్రికలు ఆ రెంటినీ అరగదీశాయి. ఆమె సంపాదకత్వంలో ఇరవై ఏళ్లు నడిచిన మహిళా ఓటు పత్రిక గురించి అవి అంత శ్రద్ధ పెట్టలేదు.

1903 అక్టోబరు 10న నెల్సన్ స్ట్రీట్ 62వ నంబరు ఇంట్లో ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ కొత్త సంఘం పెట్టింది. రెండేళ్లకు, 1905 అక్టోబరు 13న, ఆమె కూతురు క్రిస్టబెల్, ఓల్డమ్ దగ్గరి మిల్లు కార్మికురాలు ఆనీ కెన్నీ కలిసి ఫ్రీ ట్రేడ్ హాల్ సభలో లేచి, మీరు గెలిస్తే ఆడవాళ్లకు ఓటిస్తారా అని లిబరల్ నాయకుడు ఎడ్వర్డ్ గ్రేను అడిగారు. జవాబు రాలేదు. బయటికి గెంటేశారు. జుర్మానా కట్టనన్నందుకు క్రిస్టబెల్‌కు ఏడు రోజులు, ఆనీకి మూడు రోజులు జైలు పడింది.

అప్పట్నుంచీ ఓటడిగే ఆడవాళ్ల మీద పోస్టుకార్డులు వెల్లువెత్తాయి. మగరాయుళ్లని, మొగుడు దొరకనివాళ్లని, ముఖం బాగోలేనివాళ్లని బొమ్మలు. సంఘం దీనికి విరుగుడుగా ఎంచుకున్నది మంచి బట్టలు. చక్కగా, ఫ్యాషన్ తెలిసినట్టు తయారై రమ్మని సభ్యులను ప్రోత్సహించింది. 1908లో ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగులను తమవిగా ప్రకటించుకున్నారు. ఆ జూన్ 21న హైడ్ పార్కు తెల్ల గౌన్లతో నిండిపోయింది. దుకాణాలు ఆ మూడు రంగుల రిబ్బన్లు, టోపీలు అమ్మడం మొదలుపెట్టాయి. ఆనీ కెన్నీ సంగతి వేరు. పదేళ్లకే మిల్లులో చేరి, యంత్రంలో ఒక వేలు పోగొట్టుకున్న మనిషి ఆమె. శాలువా, చెక్క అడుగుల చెప్పులతో, మిల్లు పిల్లలాగే ఆమె దిగిన ఫొటో ప్రసిద్ధం. ఉద్యమంలో శ్రామికులున్నారని చూపడానికి ఆ వేషం అవసరమైంది. పట్టు టోపీ పెడితే తీరిక దొరికిన దొరసానులన్నారు, శాలువా కప్పితే అలగా జనమన్నారు. అయినా ఆ స్త్రీలు తమ బట్టల్ని తమ జెండాగా మలుచుకున్నారు. ఆ తెలివికి, ఆ తెగువకు నేను చేతులెత్తి మొక్కుతాను. అంత తెలివి అటువైపు ఖర్చు పెట్టాల్సి రావడమే బాధ.

మాంచెస్టర్ ఆర్డ్‌విక్‌లో పుట్టి, ఈ నగరపు విశ్వవిద్యాలయంలోనే చరిత్ర చదివిన ఎలెన్ విల్కిన్సన్ 1924లో ఎంపీ అయింది. ఆ ఎన్నికల్లో నెగ్గిన ఏకైక లేబర్ మహిళ. పత్రికలు ఆమె పొట్టితనం గురించి, ఎర్ర జుట్టు గురించి, సభకు వేసుకొచ్చిన పచ్చ గౌను గురించి రాశాయి. అంతకు ఐదేళ్ల ముందు సభలో కూర్చున్న తొలి మహిళ నాన్సీ ఆస్టర్ ఇలాంటి గోల ఊహించే కాబోలు నల్ల కోటు, తెల్ల జాకెట్టును యూనిఫాంలా చేసుకుంది. విల్కిన్సన్ 1936లో జారో నిరుద్యోగుల వెంట లండన్ దారి పట్టింది. 1945లో విద్యామంత్రై బడిపిల్లలకు ఉచితంగా పాలు ఇప్పించింది.

మాంచెస్టర్ సెంట్రల్ వంతు 2017 అక్టోబరు 4న వచ్చింది. కన్జర్వేటివ్ మహాసభలో ప్రధాని థెరెసా మే మాట్లాడారు. దగ్గు తెర ఆగలేదు, ఒక హాస్యనటుడు వేదిక దగ్గరికొచ్చి ఉద్యోగం పోయినవాళ్లకిచ్చే కాగితం చేతిలో పెట్టాడు, వెనకున్న నినాదంలోంచి అక్షరాలు ఊడిపడ్డాయి. ఇంత రభసలోనూ చాలామంది కళ్లు ఆమె చేతి కంకణం మీదే. దాని మీద మెక్సికో కమ్యూనిస్టు చిత్రకారిణి ఫ్రీడా కాలో బొమ్మలున్నాయి. ఇళ్ల నిర్మాణానికి ఆ రోజు ప్రకటించిన రెండు వందల కోట్ల పౌండ్ల కంటే దాని మీద జరిగిన చర్చ ఆసక్తిగా సాగింది. అదే ఏడాది మార్చి 28న ‘డైలీ మెయిల్’ మొదటి పేజీ మే, స్కాట్లండ్ నాయకురాలు నికోలా స్టర్జన్‌ల కాళ్లను పోల్చి చూపించింది. యూరప్ నుంచి విడిపోయే ప్రక్రియ లాంఛనంగా మొదలవడానికి అది ముందురోజు. ఆ వ్యాఖ్య రాసింది ఒక మహిళే. ఈ రోగం మగవాళ్లకే పరిమితం కాదు.

మగవాళ్ల బట్టల మాటేమిటి?

ఈ ప్రశ్న వేసేవాళ్లు ఉంటారు, వెయ్యాలి కూడా. ఇదే నగరంలోని పీపుల్స్ హిస్టరీ మ్యూజియంలో లేబర్ నాయకుడు మైకేల్ ఫుట్ 1981లో అమరవీరుల స్మారక దినాన వేసుకున్న కోటు ఉంది. కూలీ కోటు వేసుకొచ్చి అమరులను అవమానించాడని ఆయన్ను ఏళ్ల తరబడి వేధించారు. అన్యాయమే. కానీ ఫుట్‌కు ఒక దారుంది. మర్నాడు నల్ల ఓవర్‌కోటు వేసుకుంటే ఆ గొడవ అక్కడితో సరి. మగ నాయకుడికి ఎవరూ వేలెత్తి చూపని దుస్తులంటూ ఒక జత ఉంది. అక్కడ సూటు, ఇక్కడ ఖద్దరు చొక్కా, పంచె. ఆడ నాయకురాలికి అలాంటి జత ఏ దేశంలోనూ కుట్టలేదు. గౌను వేస్తే కాళ్లు, ప్యాంటు వేస్తే మగరాయుడు, ఖరీదైన చీర కడితే దర్జా, నేత చీర కడితే నటన.

మన దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఎన్టీఆర్ కాషాయం కడితే అది ఆయన వ్యక్తిత్వమైంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి పంచెకట్టు 2003 పాదయాత్ర నుంచి జనానికి నమ్మకం గుర్తయింది. ఆ తండ్రి కూతురు షర్మిల పసుపు చీర కట్టి, కొడుకు పెళ్లికి చంద్రబాబును పిలవడానికి వెళ్లారు. 2024 ఏప్రిల్ 25న పులివెందుల సభలో ఆ చీర రంగును ఎత్తి చూపింది సొంత అన్న, అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి. పసుపు శుభానికి గుర్తు కాదా, వేలమంది ముందు చెల్లెలి చీర గురించి మాట్లాడతారా అని ఆమె నిలదీశారు. ఎవరి రాజకీయం సరైనదన్నది ఓటరు తేలుస్తాడు. ఆమె పార్టీ మారిన తీరును విమర్శించవచ్చు, పొత్తుల మీద కడిగేయవచ్చు. వాటికి చీర అడ్డెందుకు? తండ్రి పంచె ఓట్లు తెచ్చింది, కూతురి చీర నిందలు తెచ్చింది. ఇంతకంటే వేరే రుజువు నాకు అక్కర్లేదు.

అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ మంత్రి కొండా సురేఖ మెడలో ఎంపీ రఘునందన్‌రావు గౌరవంగా నూలు దండ వేశారు. చేనేతవారిలో నూలు దండ వేయడం మర్యాద. సోషల్ మీడియాలో దాని చుట్టూ అల్లిన వెకిలి రాతలకు ఆమె విలేకరుల ముందు కన్నీరు పెట్టుకున్నారు. కొద్దిరోజులకే ఆమె నోటి నుంచి మరో స్త్రీ వ్యక్తిగత జీవితం మీద వచ్చిన మాటల్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందన్నదీ నిజం. ఒక తప్పు ఇంకో తప్పును కడగదు.

ఒక ప్రశ్న మాత్రం అడిగి తీరాలి. 2024 సెప్టెంబరులో బ్రిటన్ ప్రధాని కీర్ స్టార్మర్‌తో పాటు రేనర్, ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ దాతల సొమ్ముతో బట్టలు కొనుక్కున్నారని బయటపడింది. ఇకపై అలా తీసుకోబోమని వాళ్లు చెప్పాల్సి వచ్చింది. డబ్బు ఎవరిది, ఎందుకిచ్చారు అని అడగడం పౌరుడి హక్కు. ఆడా మగా ఇద్దరినీ అడగాల్సిందే, అడిగారు కూడా. ఆ లెక్కకూ లంగా పొడవుకూ సంబంధం లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఇప్పటికే మహిళలవి. 2023లో పార్లమెంటు ఆమోదించిన చట్టం అమలుకు వస్తే శాసనసభల్లో, లోక్‌సభలో మూడో వంతు సీట్లు వాళ్లకే. తొలిసారి మైకు పట్టుకునే సర్పంచులు, ఎమ్మెల్యేలు వేలల్లో, వందల్లో వస్తారు. పత్రికల్లో, చానెళ్లలో పనిచేసే మిత్రులకు, ఫోనులో వీడియో ముందుకు పంపే ప్రతి పాఠకుడికీ ఒక విన్నపం. ఆమె చీర రంగు రాసే ముందు, ఆ వేదిక మీదే కూర్చున్న మగ నాయకుడి చొక్కా రంగు కూడా రాశామా అని ఒక్కసారి చూసుకోండి. రాయకపోతే ఆ వాక్యం కొట్టేసి, ఆమె ఏం మాట్లాడిందో అక్కడ రాయండి.