కొండ ఊళ్లలో కంప్యూటర్ టెలివిజన్

టెలివిజన్ అంటే ఒకప్పుడు ఎవరో పంపితే మనం చూడటమే. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు మన దేశంలో ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు కార్యక్రమాలు అందించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. ఊరందరికీ ఒకటే సెట్టు, ఒకటే వేళ. ఆ వేళకు పొలంలో ఉన్నవాడికి కార్యక్రమం దక్కినట్టు కాదు.

ఇంటర్నెట్ వచ్చాక ఈ ‘వేళ’ అనే బంధం తెగిపోయింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు. కాని అరకు, అనంతగిరి, ముంచంగిపుట్టు వైపు కొండ ఊళ్లకు వెళ్లే విద్యార్థిని అడగండి. వేళ బంధం పోయి సిగ్నల్ బంధం వచ్చిందంటాడు. మలుపు దగ్గర వచ్చే సిగ్నల్ ఇంటి గుమ్మంలో ఉండదు. సెలవుల్లో నెల రోజులు ఊళ్లో ఉంటే పాఠాలు ఆగిపోవలసిందేనా? అక్కర్లేదనీ, ఇంటి కంప్యూటర్‌కి తగిన సాఫ్ట్‌వేర్ తోడైతే చాలావరకు గట్టెక్కవచ్చనీ చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

బొమ్మ ఎలా వస్తుంది?

ఇంటర్నెట్‌లో బొమ్మ ఒక్క ధారగా రాదు. 2009లో ఆపిల్ సంస్థ తెచ్చిన హెచ్.ఎల్.ఎస్. వంటి పద్ధతుల్లో కార్యక్రమాన్ని కొద్ది సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కొక్క ముక్కను పెద్ద, మధ్య, చిన్న నాణ్యతల్లో తయారుగా ఉంచుతారు. మన కంప్యూటర్ లైను వేగం చూసుకొని, ఏ ముక్క తేగలదో ఆ ముక్కనే అడుగుతుంది. బొమ్మ ఉన్నట్టుండి మసకబారటానికి కారణం ఇదే.

వచ్చిన ముక్కలు కాసేపు ‘బఫర్’లో నిలవ ఉంటాయి. గెడ్డ నీరు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంది. మధ్యలో చిన్న చెరువు కడితే మడికి నీరు సమంగా పారుతుంది. బఫర్ ఆ చెరువే. అయితే ఇది మరీ చిన్నది. సిగ్నల్ అయిదు నిమిషాలు పోతే ఎండిపోతుంది. కనుక మనకు కావలసింది పెద్ద చెరువు.

ఒక చిన్న లెక్క

సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున తయారైన పాఠం గంటసేపు ఉంటే మొత్తం 3,600 మెగాబిట్లు, అంటే 450 మెగాబైట్లు. లైను వేగం అందులో సగమే ఉంటే ఆ పాఠాన్ని నేరుగా చూడటం కుదరదు. కాని అదే లైను రాత్రి ఎనిమిది గంటలు ఆగకుండా పనిచేస్తే 1,800 మెగాబైట్లు దింపుతుంది. తెల్లారేసరికి నాలుగు గంటల పాఠాలు చేతిలో ఉంటాయి! కొండమీదివాళ్లు వారానికొకసారి సంతకు దిగి, వారం సరుకు ఒకేసారి తెచ్చుకుంటారు కదా. ఇదీ అంతే.

సాఫ్ట్‌వేర్ చేసే పనులు

మొదటిది జాబితా. ప్రత్యక్ష ప్రసారాలకు ‘ఎం3యూ’ అనే మామూలు అక్షరాల ఫైలు వాడతారు. ఒక వరుసలో ఛానెల్ పేరు, కింది వరుసలో దాని చిరునామా. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ దీన్ని చదివి ఛానెళ్లు చూపిస్తుంది. వీఎల్‌సీని మొదలుపెట్టింది పారిస్ దగ్గరి ఒక కళాశాల విద్యార్థులేనని మనం గుర్తుంచుకోవాలి.

రెండవది చందా. ఒక పత్రికకు చందా కడితే సంచిక ఇంటికే వస్తుంది. అలాగే ‘ఆర్.ఎస్.ఎస్.’ అనే పద్ధతిలో సాఫ్ట్‌వేర్ మనకు నచ్చిన ఛానెల్ జాబితాను అప్పుడప్పుడు తిరగేసి, కొత్త భాగం ఉంటే తనంతట తానే దింపి ఉంచుతుంది. 2006లో ‘డెమోక్రసీ’ పేరుతో వచ్చి 2007లో ‘మీరో’గా మారిన సాఫ్ట్‌వేర్ ఈ పనికి పేరు తెచ్చుకుంది. దాని అభివృద్ధి ఆగిపోయినా ఆ పద్ధతి బతికే ఉంది.

మూడవది బీరువా. దింపినవన్నీ కుప్పగా పడి ఉంటే ఏది ఎక్కడుందో తెలియదు. 2002లో ఆట యంత్రం కోసం పుట్టి, 2014లో ‘కోడి’ అని పేరు మార్చుకున్న సాఫ్ట్‌వేర్ వీటిని పేర్లతో, బొమ్మలతో అమరుస్తుంది. (పేరు విని పెరటి కోడి అనుకోకండి!) 2018లో వచ్చిన ‘జెల్లీఫిన్’ ఇంకో మెట్టు ఎక్కింది. ఒక కంప్యూటర్‌లో ఉన్న పాఠాలను అదే భవనంలోని ఫోన్లన్నిటికీ వైఫై ద్వారా అందిస్తుంది. అప్పుడు బయటి ఇంటర్నెట్ లేకపోయినా ఫర్వాలేదు. ఇవన్నీ ఉచితమే. అయితే సాఫ్ట్‌వేర్ ఉచితం కాబట్టి దొంగ ప్రసారాలు చూడటం న్యాయమైపోదు. సైన్సు విద్యార్థులకు ఎన్‌పీటీఈఎల్ ఉపన్యాసాలు చాలు. వాటిని దింపుకోవటానికి ఆ సంస్థే వీలు కల్పించింది.

మంచు, వెలుతురు

అసలు లైను కొండకు చేరేదెలా? ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగ లాగింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఈ పథకాన్ని ప్రారంభించారు. తీగ లాగలేని చోట్ల గాలిలోనే కాంతి కిరణం ద్వారా సమాచారం పంపే 2,000 లింకుల కోసం గూగుల్ కుటుంబంలోని ‘ఎక్స్’ సంస్థతో ఒప్పందాన్ని కూడా ఆ నెలలోనే ప్రకటించారు. కొండ నుంచి కొండకు గురి కుదిరితే చాలు, లోయలో తవ్వే పని లేదు. కాని మన మంచు సంగతి చూడండి. మంచు బిందువు పరిమాణం ఆ పరారుణ కాంతి తరంగదైర్ఘ్యం కంటే పెద్దది. అందుచేత కాంతి చెదిరిపోతుంది. దానికంటే ఎంతో పొడుగైన రేడియో తరంగానికి ఆ బెడద తక్కువ. కాబట్టి ఏ దారి వచ్చినా, అరకు చలికాలానికి నిలవ చెరువు అవసరం తప్పదు.

ఇక మన వంతు

ఈ జాబితాలో చిరునామా ఎవరిదైనా ఉండొచ్చు. పెద్ద సంస్థలదే కానక్కర్లేదు. అరకు ప్రాంతపు కొండ (కూబి) భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లోనే గ్రంథం ప్రకటించారు. ఆ భాషలో, కువిలో, ఆదివాసీ ఒడియాలో కాఫీ పండు ఆరబెట్టటం గురించో, పదో తరగతి లెక్కల గురించో పది నిమిషాల పాఠం తీస్తే అదీ ఒక ఛానెలే. ‘సైట్’ రోజుల్లో పల్లె చూడటం వరకే. ఇప్పుడు చూపించనూ గలదు.

మన సంఘం హాస్టల్‌లో ఒక పాత కంప్యూటర్, ఒక పెద్ద హార్డ్ డిస్కు, ఒక రౌటరు పెడితే ఈ పని మొదలవుతుంది. సెలవులకు ఊరెళ్లే ప్రతి విద్యార్థీ పెన్‌డ్రైవ్ నిండా పాఠాలు తీసుకెళ్లొచ్చు. తిరిగి వచ్చేటప్పుడు తన ఊరి మాటను తీసుకురావొచ్చు. వచ్చే ఏడాది కార్యవర్గం ఈ సంగతి ఆలోచిస్తుందని ఆశిస్తున్నాను.